ఈ సెప్టెంబరులో నా చేతి మీద డేగ లేదు

మొన్న శనివారం పొద్దున్నే ఫోన్‌లో ఒక ఫొటో వచ్చింది. నాకు డేగతో వేటాడే పని నేర్పిన పెద్దాయన ఇంగ్లండు నుంచి పంపాడు. తక్కెడ మీద కూర్చున్న డేగ, దాని కింద 1,085 అన్న అంకె. ఇంకేమీ రాయలేదు, రాయక్కర్లేదు కూడా. వేసవంతా కడుపునిండా తిని, ఈకలన్నీ మార్చుకుని బయటికొచ్చిన ఆడడేగ అది. వేట బరువుకి రావాలంటే ఇంకో 120 గ్రాములు దిగాలి, అంటే ఇంకా పది పన్నెండు రోజులు. ఆ అంకె చూడగానే నా ఎడమ చెయ్యి మోచేతి దగ్గర మడతపడి దానంతటదే పైకి లేచింది, డేగ వచ్చి వాలడానికి ఎత్తినట్టు.

పక్కనే ఉన్న మా మేనల్లుడు అది చూశాడు. "నీకంత ఇష్టమైతే మనూళ్లో డేగవేట ఎందుకొద్దంటావు మామా?" అన్నాడు. మే నెల నుంచి ఈ ప్రశ్న మా ఇంట్లో తిరుగుతూనే ఉంది. ఇన్నాళ్లూ వాడికి ముక్కలు ముక్కలుగా చెప్పిందంతా ఒకచోట పెడదామని రాస్తున్నాను.

మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి వైపు మెట్ట ఊరు. కాలవ నీళ్లు లేవు. వానకి కంది, సజ్జ, బోరున్న చోట నిమ్మచెట్లు. మిగతాదంతా కంపచెట్లు, గుట్టలు. చిన్నప్పుడు డేగ అంటే నాకు తెలిసింది మా జేజి కేక ఒక్కటే. కోడిపిల్లల్ని వాకిట్లో వదిలి కాపలా కూర్చునేది. నేల మీద నీడ కదిలితే చాలు, "హోయ్" అని అరిచి పిల్లల్ని గంప కిందికి తోసేది. ముప్పై దాటాక నర్సు ఉద్యోగం మీద ఇంగ్లండులోని లింకన్‌షైర్‌కి వెళ్లాను. నేనున్న అద్దె ఇంటి వెనక ఒక రైతు ఉండేవాడు. ఒకరోజు సాయంత్రం ఆయన డేగని చేతి మీద పెట్టుకుని నా కిటికీ ముందు నుంచి నడిచి వెళ్లాడు. మర్నాడు నేనే వెళ్లి ఆయన తలుపు తట్టాను. ఆ తర్వాత తొమ్మిది సీజన్లు ఆయనతో తిరిగాను. చివరి ఐదింటిలో నా చేతి మీద నా డేగే ఉంది.

డేగతో కుందేళ్ల వేట అనగానే అందరూ ఊహించుకునేది డేగ దూకడం, కుందేలు మెలికలు తిరగడం, దుమ్ము. అదంతా మూడు నాలుగు సెకన్ల పని. దాని వెనక సగం సంవత్సరం ఉంటుంది. చలికాలం పోయి మార్చి వచ్చాక డేగని ఎగరేయడం మానేస్తాం. ఆ తర్వాత నాలుగైదు నెలలు అది ఈకలు మార్చుకుంటుంది. ఒకటి రాలి దాని చోట కొత్తది వచ్చాకే ఇంకోటి రాలుతుంది, లేకపోతే ఎగరలేదు కదా. కొత్త ఈక పెరిగేటప్పుడు దాని కాడ నిండా రక్తం ఉంటుంది. అప్పుడు దెబ్బ తగిలితే ఆ ఈక ఆ ఏటికి పోయినట్టే. అందుకని ఆ నెలల్లో డేగని కదిలించం, బెదిరించం, తిండికి లోటు రానివ్వం. కోడిపిల్లలు, కౌజుపిట్టలు, ఎముకలతో సహా పెడతాం.

తిండి సంగతి ఎందుకు గట్టిగా చెబుతున్నానంటే, ఈక పెరుగుతున్న రోజుల్లో డేగ పస్తుంటే ఆ రోజుల జ్ఞాపకం ఈకలో ఉండిపోతుంది. ఈకకి అడ్డంగా సన్నటి గీత పడుతుంది. వెలుతురుకి పట్టి చూస్తే కనపడుతుంది. ఆ పెద్దాయన దాన్ని ఆకలి గీత అనేవాడు. ఈక తర్వాత ఎంత బాగా పెరిగినా ఆ గీత దగ్గర బలం ఉండదు. కంపలో తగులుకుంటే సరిగ్గా అక్కడే విరుగుతుంది. వేరేవాళ్ల డేగని చూడటానికి వెళ్లినప్పుడు ఆయన ముందు దాని తోక విప్పించి చూసేవాడు. మనిషి ఏం చెప్పినా, ఆ డేగని ఎలా పెంచాడో తోక చెప్పేస్తుందనేవాడు.

సెప్టెంబరు వచ్చేసరికి ఈకలన్నీ గట్టిపడతాయి. అప్పుడు మొదలవుతుంది అసలు పని. ముక్కు, గోళ్లు పెరిగి ఉంటే కాస్త అరగదీయాలి. కాళ్లకి కొత్త తోలు పట్టీలు కత్తిరించి, నూనె పట్టించి మెత్తగా చేయాలి. ఇంటి దగ్గర కట్టేసే పట్టీలు వేరు, ఎగరేసేటప్పుడు వేసేవి వేరు. ఎగరేసే పట్టీలకి చివర చీలిక ఉండకూడదు, ఉంటే చెట్టు కొమ్మకి చిక్కుకుని డేగ తలకిందులుగా వేలాడి చచ్చిపోతుంది. కాలికి గజ్జె కట్టాలి. ఇందులో నాకు భలే నచ్చిన సంగతి ఒకటుంది. ఆ దేశంలో కూడా డేగలవాళ్లు మంచి గజ్జె అంటే లాహోరు గజ్జెనే తలుచుకుంటారు. తోకకో కాలికో చిన్న ట్రాన్స్‌మిటర్ తగిలించాలి, దాని బ్యాటరీ మార్చాలి.

ఇక బరువు. డేగ మన దగ్గరికి తిరిగి రావడం ప్రేమ వల్ల కాదు. తిండి మన చేతిలో ఉందని దానికి తెలుసు కాబట్టి వస్తుంది. బాగా కొవ్వు పట్టి ఉంటే చెట్టెక్కి కూర్చుని మనవైపు చూడను కూడా చూడదు. మరీ దించితే నీరసించి, చలిరాత్రి ఒక్కటి వస్తే చాలు పోతుంది. ఈ రెంటి మధ్య సన్నటి జాగా ఒకటుంది. నా డేగకి అది 955 నుంచి 970 గ్రాముల దాకా. చలి ముదిరితే ఓ ఇరవై గ్రాములు పైకి జరిగేది. రోజూ ఒకే వేళకి తూచాలి. అంతకుముందు రోజు తిన్న బొచ్చూ ఎముకలూ ఉండలా కక్కిందో లేదో చూడాలి. కక్కకుండా మళ్లీ మేపకూడదు. రెట్ట రంగు చూడాలి. అన్నీ నోటుబుక్కులో రాయాలి. రోజుకి పది గ్రాములు, మహా అయితే పదిహేను, అంతకంటే దించకూడదు. దీన్ని "మాడ్చి లొంగదీయడం" అనేవాళ్లు ఎప్పుడూ తక్కెడ పట్టుకోలేదని నాకు తెలిసిపోతుంది. మాడ్చడం చేతగానివాడి పని. పనితెలిసినవాడి డేగ ఎంత బరువుగా ఉండి కూడా చేతి మీదికి వస్తుందో అదే వాడి గొప్ప.

సాయంత్రాలు తోలు తొడుగు వేసుకుని, డేగని చేతి మీద పెట్టుకుని, ఇంట్లో మనుషుల మధ్య కూర్చోవాలి. వేసవిలో మరిచిపోయిన మనిషి అలికిడి మళ్లీ అలవాటు కావాలి. తర్వాత ఒక గెంతు దూరం నుంచి పిలవడం. తర్వాత పొడుగు తాడు కట్టి ఐదు మీటర్లు, పది, ముప్పై, యాభై. పిలవగానే వచ్చేదాకా తాడు తీయకూడదు. ఒంట్లో బలం రావడానికి నేల మీద నుంచి నిటారుగా చేతి మీదికి పదే పదే ఎగిరించాలి. కుందేలు తోలు చుట్టిన ఎరని గడ్డిలో ఈడ్చి తరిమించాలి. కుందేళ్లని బొరియలోంచి బయటికి తోలడానికి ఫెర్రెట్ అని ముంగిసలాంటి పెంపుడు జంతువు ఉంటుంది. దాన్ని డేగ ముట్టకూడదు. అందుకని రెంటినీ ఒకేచోట ఉంచి అలవాటు చేయాలి. ఇన్నీ అయ్యాక ఒకరోజు తాడు తీసేస్తాం. ఆ రోజు ఎన్నేళ్ల అనుభవం ఉన్నా గుండె దడదడలాడుతుంది.

నాలుగో సీజన్లో నేను తొందరపడ్డాను. నా సెలవులు అయిపోవస్తున్నాయి, డేగ ఇంకా 1,010 దగ్గరుంది. బాగానే పలుకుతోంది కదా అని తాడు తీసేశాను. అది నేరుగా పోయి పెద్ద ఓక్ చెట్టు చిటారున కూర్చుంది. పిలిచాను, ఎర తిప్పాను, చీకటి పడేదాకా కింద నిలబడ్డాను. దిగలేదు. ఆ రాత్రంతా నిద్ర లేదు. తెల్లవారుజామున ట్రాన్స్‌మిటర్ శబ్దం పట్టుకుని వెతుక్కుంటూ పోతే కిలోమీటరున్నర అవతల కంచె మీద మంచులో తడిసి కూర్చుని ఉంది. చేతి మీదికి రాగానే నేను ఏడ్చేశాను. పెద్దాయన నన్ను తిట్టలేదు. నోటుబుక్కు తెరిచి, ముందురోజు తారీకు మీద వేలు పెట్టి, "ఈ అంకె నీకు ముందే చెప్పింది" అన్నాడు.

ఇదంతా తెలిసినవాణ్ణి కాబట్టే మే నెలలో మా అక్క ఇంట్లో అట్టపెట్టె మూత తీసినప్పుడు నాకు కాళ్లు చల్లబడ్డాయి. అందులో జాలెడేగ పిల్ల ఉంది. ఇంగ్లీషులో షిక్రా అంటారు. ఒళ్లంతా తెల్లటి నూగు, రెక్కల్లోంచి తోకలోంచి అప్పుడే పొడుచుకొస్తున్న ఈకలు. చింతచెట్టు మీద గూట్లోంచి మా మేనల్లుడు, వాడి స్నేహితుడు దించుకొచ్చి నాలుగు రోజులైంది. చలికాలానికి తయారుచేసి మెట్టచేలల్లో కుందేళ్ల మీద వదలాలని వాళ్ల ప్లాను. బ్రాయిలర్ కోడి మెత్తటి ముక్కలు, అదీ పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి పెడుతున్నారు. ఎముక లేని తిండితో పెరిగే డేగపిల్లకి కాళ్లు నిలవవు, వంకరపోతాయి. గూట్లో అయితే తల్లి రోజంతా తొండలూ ఎలకలూ చీల్చి, బొచ్చూ ఎముకా కలిపి నోటికి అందిస్తుంది. పిల్ల నన్ను చూసి నోరు తెరిచి అరిచింది. ఇంకో వారం అలా మనిషి చేతి తిండి తిని ఉంటే మనిషే తల్లి అనుకునేది. ఆ ముద్ర పడ్డ డేగ జీవితాంతం అలాగే అరుస్తుంది, అడవిలో బతకలేదు.

వాడికి పదిహేడేళ్లు. చెడ్డపిల్లాడు కాదు. నా ఫొటోలు చూసి, నా కబుర్లు విని చేశాడు. అందుకే ఆ తప్పులో నా భాగం ఉందని ఒప్పుకుంటున్నాను. చేతి మీద డేగ ఉన్న ఫొటోలు చూపించాను గానీ, నోటుబుక్కు ఎప్పుడూ చూపించలేదు.

ఫారెస్టు వాళ్లకి ఫోన్ చేశాను. చేస్తే పిల్లవాడి మీద కేసు అవుతుందని అక్క భయపడింది, నాకూ టెన్షన్‌గానే ఉంది. వచ్చినాయన మంచివాడు. వాణ్ణి గట్టిగా మందలించి, చెట్టు చూపించమన్నాడు. గూట్లో ఇంకో రెండు పిల్లలున్నాయి, తల్లి పైన అరుస్తూ తిరుగుతోంది. మనిషి చెయ్యి తగిలితే తల్లి ముట్టదని అందరూ అంటారు గానీ డేగల విషయంలో అది నిజం కాదు. ఊళ్లో తాటిచెట్లెక్కే పెద్దాయన పిల్లని పంచెలో కట్టుకుని ఎక్కి గూట్లో పెట్టి దిగాడు. గంట లోపల తల్లి తొండని పట్టుకొచ్చి వాలింది. జూన్ మొదట్లో మూడు పిల్లలూ కొమ్మల మీదికి వచ్చాయి.

అక్కడితో అయిపోతుందనుకున్నాను. అయిపోలేదు. మా చిన్నాయన తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ఆయన మేనల్లుడి పక్షం వహించాడు. "సాళువ అంటేనే వేటడేగ. సాళువ నరసింహరాయల వంశానికి ఆ పేరే ఉంది. ఆయన యుద్ధం చేసిన ఉదయగిరి దుర్గం మనింటి మిద్దె మీద నుంచి కనపడుతుంది. విద్య మనది, దొరల దగ్గర నేర్చుకొచ్చి మాకే వద్దని చెబుతావా?" అన్నాడు. మేనల్లుడు దానికి తోడు, 2010లో యునెస్కో డేగవేటని మానవజాతి వారసత్వంగా గుర్తించిందని ఫోన్‌లో చూపించాడు. రెండూ నిజమే. ఆ గుర్తింపు అడిగిన దేశాల్లో ఇండియా లేదు, అది వేరే మాట.

చిన్నాయన మాటని నేను తేలిగ్గా తీసుకోలేదు. చాలా రోజులు ఆలోచించాను. రాజుల కాలంలో డేగల్ని తయారుచేసేవాళ్లు అదే వృత్తిగా బతికినవాళ్లు. తండ్రి చేతి మీద చూస్తూ కొడుకు నేర్చుకున్నాడు. జాలెడేగని మెడకి పట్టుతాడు వేసి, అరచేతిలో పట్టుకుని బాణంలా విసిరే పద్ధతి మన దేశంలో ఉండేది. అది గొప్ప విద్యే. అయితే అదే విద్యలో కొత్తగా పట్టిన డేగకి కనురెప్పలు దారంతో కుట్టేయడం కూడా ఉంది, మనిషికి అలవాటు పడేదాకా. వారసత్వం అని ఎత్తుకుంటే అదీ ఎత్తుకోవాలి. పైగా ఆ గొలుసు మా ప్రాంతంలో తెగిపోయి ఎన్ని తరాలైందో. తెగిన గొలుసుని వీడియోలు చూసి అతికించలేం. అతికించే ప్రయత్నంలో చచ్చేది గూట్లోంచి దించిన పిల్లలు, ఒకటి కాకపోతే ఒకటి.

"మరి నువ్వు అక్కడ చేయలేదా?" ఇది సూటి ప్రశ్న. దీనికి తప్పించుకోకుండా జవాబు చెప్పాలి. చేశాను, సంతోషంగా చేశాను, సిగ్గుపడటం లేదు. నా చేతి మీద ఉన్నది హారిస్ డేగ. దాని సొంతగడ్డ అమెరికా ఖండాలు. ఇంగ్లండులో ఉన్నవి తరాలుగా మనుషుల దగ్గరే గుడ్డు పెట్టి పుట్టినవి. అడవి గూట్లోంచి పిల్లని తీయడం అక్కడ కూడా నేరమే. అక్కడి కుందేలూ మన కుందేలూ ఒకటి కాదు. మనం సీమకుందేలు అంటామే, ఆ జాతి అది. బయటి నుంచి ఆ దీవికి తెచ్చింది. బొరియలు తవ్వి గుంపులుగా బతుకుతుంది, ఏడాదికి నాలుగైదు ఈతలు ఈనుతుంది, గోధుమ మొలకల్ని గడ్డిలా కొరికేస్తుంది. రైతులే పిలిచి రమ్మనేవారు. 1953లో మిక్సోమటోసిస్ అనే రోగం వచ్చి దాదాపు అన్నీ తుడిచిపెట్టుకుపోయినా మళ్లీ పుంజుకున్నాయి. ఈ మధ్య అక్కడా తగ్గుతున్నాయి. అందుకే మా పెద్దాయన ఒక బొరియ దగ్గర రెండు దొరికితే ఫెర్రెట్‌ని డబ్బాలో పెట్టేసేవాడు, ఆ ఏడు మళ్లీ ఆ వైపు వెళ్లేవాడు కాదు.

మన చెవులపిల్లి బొరియ తవ్వదు. కంప కింద ఒళ్లు పట్టేంత పల్లం చేసుకుని పగలంతా అక్కడే పడుకుంటుంది. ఈతకి ఒకటో రెండో, అరుదుగా నాలుగు. పుట్టేటప్పటికే ఒంటి మీద బొచ్చుంటుంది, కళ్లు తెరిచే ఉంటాయి. తల్లి వాటిని గడ్డిలో దాచి దూరంగా ఉంటుంది, పాలివ్వడానికి వచ్చి పోతుంది. మెడ మీద నల్లమచ్చ ఉంటుందే, అదే దాని గుర్తు. రెండు మూడు కిలోల జంతువు. జాలెడేగ ఆడదైనా పావుకిలో దాటడం కష్టం. తొండనీ ఉడతనీ చిన్న పిట్టల్నీ కొట్టడానికి పుట్టిన పక్షిని కుందేలు మీదికి వదిలితే ఒక్క తన్నుకి రెక్క విరుగుతుంది. మేనల్లుడి ప్లాను మొదటి అడుగులోనే తప్పు. ఆ సంగతి వాడికి తెలియకపోవడమే నా వాదనకి పెద్ద సాక్ష్యం.

చట్టం సంగతి చివర్న చెబుతున్నాను, ఎందుకంటే చట్టం లేకపోయినా నా మాట ఇదే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం డేగని పట్టడం, గూట్లో పిల్లని తీయడం, చెవులపిల్లిని చంపడం, ఏది చేసినా వేటే, నేరమే. సంక్రాంతి ముందు రాత్రుళ్లు బైకుల మీద, లైట్లు కొట్టి కుందేళ్లని కర్రలతో కొట్టేవాళ్లు మా మెట్టలో ఇంకా ఉన్నారు. లైటు మొహాన పడితే అది కదలకుండా నిలబడిపోతుంది. అందులో వేట ఏముంది? నేను బడికి పోయే రోజుల్లో కందిచేల గట్ల మీద దాదాపు రోజూ కనపడేది. ఇప్పుడు వారమంతా తిరిగినా ఒకటి కనపడితే గొప్ప. ఉన్న కంపంతా కొట్టేసి జామాయిల్ వేశాక అది ఎక్కడ పడుకోవాలి? పూర్వం కూటికి లేక ఉచ్చు వేసిన పేదవాణ్ణి నేను తప్పుపట్టలేను. సరదాకి వేసేవాణ్ణి మాత్రం తప్పుపడతాను, వాడు నా మేనల్లుడైనా సరే.

అయినా సీజన్ అనేది లేకుండా పోలేదు. నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసిన జెర్డాన్ అనే ఆయన పక్షుల మీద పెద్ద పుస్తకం రాశాడు. కలివికోడి అనే అరుదైన పిట్టకి ఇంగ్లీషులో ఉన్న పేరు ఆయనదే. 1862-64లో వచ్చిన ఆ పుస్తకంలో ప్రతి పక్షికీ ఇక్కడి మనుషులు చెప్పిన పేర్లు రాసుకున్నాడు. బోనెల్లీ గద్దకి ఆయన ఎక్కించిన తెలుగు పేరు కుందేలి సాళువ. ఆ పేరు చదివి చాలాసేపు పుస్తకం మూయలేకపోయాను. ఎవరో మెట్టరైతు, ఎవరో యానాది, అది కుందేలుని కొట్టడం కళ్లారా చూసి పెట్టిన పేరు అయుంటుంది. చిన్నాయనకి చూపించాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని రెండుసార్లు చదివాడు. మన వారసత్వం నాకు అక్కడ కనపడుతోందని చెప్పాను. అవునని అనలేదు, కాదని కూడా అనలేదు.

కుందేలి సాళువ ఇంకా ఉంది. 3,000 అడుగులు దాటిన ఉదయగిరి కొండ చరియల్లో ఒక జంట తిరుగుతోంది. హారిస్ డేగల్లాగే ఇవీ కలిసి వేటాడతాయి, ఒకటి తక్కువ ఎత్తులో పోయి కంపని కదిలిస్తే రెండోది పై నుంచి దిగుతుంది. చలికాలం మొదట్లో గూడు సవరించుకుంటాయి. కాబట్టి ఈ సెప్టెంబరులో నా తయారీ ఇలా ఉంది: పాత బైనాక్యులర్ కటకాలు శుభ్రం చేయించాను. మోకాళ్లు నొప్పి పెట్టకుండా రోజూ పొద్దున నాలుగు కిలోమీటర్లు నడుస్తున్నాను. గూడు ఏ చరియలో ఉన్నా దగ్గరికి పోకుండా చూడటానికి ఎదురు గుట్ట మీద ఒక బండ వెతికి పెట్టుకున్నాను. గీతల నోటుబుక్కులు రెండు కొన్నాను, ఒకటి మేనల్లుడికి. తక్కెడ మీద తూచే పక్షి లేదు. అది లేని వెలితి ఉంది, అబద్ధం చెప్పను. ఇంగ్లండు నుంచి అంకెలు రోజూ వస్తున్నాయి. నిన్నటిది 1,040.

నిన్న సాయంత్రం మేనల్లుడు చింతచెట్టు కింద నుంచి ఏదో తెచ్చాడు. వాడు ఈ మూడు నెలలూ ఆ చెట్టు దగ్గరికి పోవడం మానలేదు, చూడటానికే. ఈ ఏటి పిల్లల్లో ఒకటి ఆ పక్కనే తిరుగుతోందని, రొమ్ము మీద ఇంకా గోధుమరంగు మచ్చలున్నాయని, తోక కాస్త ఎగుడుదిగుడుగా ఉందని నోటుబుక్కులో రాశాడు. తెచ్చింది తోక ఈక కొస. అడ్డంగా పట్టీలున్న బూడిదరంగు ముక్క, వేలెడంత పొడవు. దాని మొదలు రాలిన ఈకలా లేదు, కత్తితో కోసినట్టు తిన్నగా విరిగింది. వాడు దాన్ని ట్యూబులైటుకి ఎదురుగా పట్టుకుని, విరిగిన చోట అంచుకి ఉన్న పల్చటి గీతని వేలితో తడిమాడు.

"ఆ నాలుగు రోజులదా మామా?" అన్నాడు.

అవునన్నాను. వాడు నోటుబుక్కు తెరిచి, మే నెల పేజీ వెతికి, ఆ ముక్కని అక్కడ పెట్టి టేపు అంటించాడు.